లేక్ వ్యూలో గ్యాసు లీకు

కారులో నలుగురు. ఇంటాయన, ఇల్లాలు, ఆవిడ తమ్ముడు, ఆ ఇద్దరినీ కన్న అత్తగారు. ఈ నలుగురిలో ఒకరే ఇది రాస్తున్నారు. ఎవరని మాత్రం అడగొద్దు. గుడారం ఇంకా డాబా మీద ఆరుతూనే ఉంది.

పైడితల్లమ్మ సిరిమాను జనం సద్దుమణిగాక విజయనగరంలో బయల్దేరి, తోటపల్లి బ్యారేజీ దగ్గర నాగావళి ఒడ్డున ఓ రాత్రి గుడారంలో పడుకోవాలన్నది పథకం. బొబ్బిలి, పార్వతీపురం మీదుగా పోతే తిన్నగా చేరిపోవచ్చు. తిన్నగా చేరిపోతే దాన్ని టూరని ఎలా అంటామని బావమరిది వాదన. కాబట్టి నెల్లిమర్ల, చీపురుపల్లి, రాజాం. (రాజాం రాగానే "హమ్మయ్య, సిక్కోలు జిల్లాలో పడ్డాం" అని అత్తగారు సంబరపడ్డారు. 2022లో ఆ ఊరు విజయనగరం జిల్లాలో కలిసిందని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.) రాజాం దాటాక ఫోన్లో మ్యాపు ఓ పల్లెదారి చూపించి, పదకొండు నిమిషాలు కలిసొస్తాయంది.

ఈ రోజుల్లో పల్లెదారి అంటే సగం రోడ్డు, సగం కళ్ళం. తారు మీద మొక్కజొన్న గింజలు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. మిగిలిన సగంలోనే రాకపోకలన్నీ. గింజల మీదికి చక్రం ఎక్కిందా, బ్రేకు నొక్కినా బండి ఆగదు, గోళీల మీద జారినట్టు జారుతుంది. రెండో గేరులో, ఇరవై దాటకుండా, ఎదురుగా ఆటో కనిపిస్తే ముందే ఆగిపోవాలి. ఎక్కడైనా నూర్పిడికని రోడ్డు మీద పంట పరిచి ఉంటే, దాని మీంచి పోయాక దిగి కారు కింద చూసుకోవాలి. ఎండుగడ్డి సైలెన్సర్ గొట్టానికి చుట్టుకుంటే ఆ వేడికి అంటుకుంటుంది. అలా రెండుసార్లు దిగారు. పదకొండు నిమిషాలు ఆ రకంగా కలిసొచ్చాయి. అక్టోబరు నడిమికి మన వైపు ఐదున్నరకే పొద్దు గూకుతుంది. తోటపల్లి ఆశ అక్కడితో సరి.

చీకట్లో గుడారానికి చోటు కావాలి. వరి పొట్ట మీదుంది, మళ్ళన్నీ నీళ్ళు. మెరకగా, పొడిగా ఉండేది చెరువు గట్టొక్కటే. సరిగ్గా అప్పుడే మ్యాపులో "లేక్ వ్యూ" దొరికింది. ముగ్గురు అయిదేసి నక్షత్రాలిచ్చారు. తామరపూల ఫోటో. ఆ ఫోటో జనవరిలో తీసిందని కింద సన్నక్షరాల్లో ఉంది. బావమరిది కళ్ళజోడు పెట్టుకోడు, అందం చెడుతుందట.

గుడారం ఎలా లేచిందో వదిలేయండి. నలుగురికి సరిపోయే గుడారం అంటే ముగ్గురు పడుకునేదని తెలిసింది, అంతే. పడిశంతో ముక్కు దిబ్బడేసిన అత్తగారు వాము మూట వాసన చూసుకుంటూ కారు వెనక సీట్లో వాలిపోయారు.

ఉప్మాకి ఎసరు పెడదామని నెత్తిమీదే బర్నరు బిగించే అయిదు కిలోల సిలిండరు దించారు. దించగానే గుప్పుమంది.

"గ్యాసు!" అంది ఇల్లాలు.

ఇక్కడ ఇంటాయన పాండిత్యం మొదలైంది. వంటగ్యాసుకి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియాలని కుళ్ళు కంపు కొట్టే మెర్కాప్టాన్ కలుపుతారు. అది గాలికంటే బరువు, కనక పల్లంలోకి దిగి నేలబారున నిలిచిపోతుంది. గుడారంలో నేల మీద పడుకున్నవాళ్ళ ముక్కుల దగ్గరే నిలుస్తుంది. ఇవన్నీ నిజాలే. నిజాల్లోంచి తప్పు నిర్ణయం తీయడానికే చదువుకున్నవాడు కావాలి. "అయితే సిలిండర్ని గుడారానికి దూరంగా, పల్లపు వైపు పెట్టాలి" అన్నాడు. పల్లం అంటే చెరువు వైపు. పది అడుగులు దించి, వంగి వాసన చూశాడు. కంపు పెరిగింది. లీకు ముదిరిందన్నాడు. ఇంకో పది అడుగులు దించాడు. ఇంకా పెరిగింది. మూడోసారి సిలిండరు నీటి అంచుకి చేరేసరికి కళ్ళు మండి, ఇంకాసేపట్లో పేలుతుందని తేల్చేశాడు.

సబ్బునీళ్ళ పరీక్ష చేయాలి. చేశారు కూడా, పద్ధతిగానే: అగ్గిపుల్ల గీయకుండా, ఫోను లైటు వేసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి, బర్నరు బిగింపు చుట్టూ, వాల్వు చుట్టూ స్పాంజితో రాయడం. లీకుంటే అక్కడ బుడగ పుట్టి పెరుగుతూ పోతుంది. పెరగని బుడగ ఉత్త నురగే. ఒక బుడగ వచ్చింది. అది పెరుగుతోందా లేదా అన్నదాని మీద ఇరవై నిమిషాల చర్చ. బావమరిది దాని వెడల్పు చిటికెనవేలి గోటితో కొలిచాడు, అయిదు నిమిషాలాగి మళ్ళీ కొలిచాడు. గోరు పెరగలేదు గానీ బుడగ పెరిగిందన్నాడు. ఇల్లాలు "నువ్వు పైనుంచి ఊపిరి వదుల్తున్నావురా" అంది. ఊపిరి బిగబట్టి చూశారు. బుడగ పగిలింది. పగలడం మంచి శకునమా చెడ్డదా అని మళ్ళీ మొదలు. బర్నరు విప్పి రబ్బరు వాషరు తిప్పేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ సబ్బునీళ్ళు. కారు అద్దం దించి అత్తగార్ని అడిగితే "నాకేటీ రాట్లేదర్రా" అన్నారు. ఈ కంపుని జన్మలో ఎరిగిన ముక్కు ఆ నలుగురిలో అదొక్కటే. దానికే పడిశం.

పొయ్యి వెలిగించడానికి ధైర్యం చాలక బ్రెడ్డు మీద గోంగూర పచ్చడి రాసుకు తిన్నారు. (ఈ గోంగూర సంగతి గుర్తుంచుకోండి.) తొమ్మిదింటికి కంపు తగ్గినట్టనిపించి, లీకు దానంతటదే ఆగిందని పడుకున్నారు. ఎడతెగని కంపుకి ముక్కు కాసేపట్లో మొద్దుబారిపోతుంది. అందుకే లీకు ఆగిందో లేదో ముక్కుతో తేల్చకూడదు. ఇదీ ఇంటాయనకి తెలుసు, తెల్లారాక గుర్తొచ్చింది.

తెల్లారేసరికి తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన గుడారం ముందు నిలబడ్డాడు.

"ఏటి బాబూ, రేతిరంతా ఇక్కడే తొంగున్నారేటి? గోగు ఊరెట్టిన సెరువు కదా! మాకే ముక్కులు బద్దలైపోతాయి."

వెలుగులో చూస్తే చెరువు నిండా కట్టలే. ఈ సీజన్లో గోగు పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, ఆకు రాలాక నీళ్ళలో ముంచి, తేలకుండా పైన రాళ్ళు, దుంగలు పెడతారు. రెండు వారాలు, ఒక్కోసారి మూడు. గాలి అందని నీళ్ళలో సూక్ష్మజీవులు బెరడుని పట్టి ఉంచే జిగురుని తినేస్తాయి. బొటనవేలితో నొక్కితే నార పుల్లని వదిలి జారాలి, అప్పుడే ఊరినట్టు. ఆ కుళ్ళులోంచి వచ్చే వాయువుల్లోనూ, మెర్కాప్టాన్‌లోనూ ఉన్నది గంధకమే. నార గోనెసంచులకి పోతుంది. పుల్లలు పొయ్యిలోకి, దడుల్లోకి. ఆకు మాత్రం కూరకి పోతుంది. గోగు కూరే గోంగూర. రాత్రంతా ఒకే జాతి మొక్కని నోట్లో పెట్టుకుని, ముక్కుతో తిట్టుకున్నారన్నమాట.

అప్పుడే అత్తగారు కారు దిగారు. ముక్కు దిబ్బడ విడిచింది. ఒక్కసారి గాలి పీల్చి, "ఓలమ్మ, గోగు కంపర్రా! నన్నడిగితే సెప్పీదాన్ని కదా" అన్నారు.

అడిగారని ఎవరూ గుర్తు చేయలేదు.

పెద్దాయన కారు వెనక్కి తీయమన్నాడు, కట్టలు లాగడానికి మనుషులొస్తున్నారట. గుడారం మడుస్తుంటే బావమరిది ఫోన్లో ఏదో రాసుకుంటున్నాడు. ఇంటికొచ్చాక చూస్తే, ఆ లేక్ వ్యూకి నాలుగు నక్షత్రాలిచ్చాడు. సిగ్నల్ సరిగా లేదని ఒకటి తగ్గించాడు.