ఇసుకలో ఆర్టికల్ 3

ఆర్కే బీచ్‌కి నడకకొచ్చే ఓ రిటైర్డ్ మాస్టారు ఈమధ్య రోజుకో రాష్ట్రాన్ని పుట్టిస్తున్నారు. మొన్న తడి ఇసుక మీద చేతికర్రతో ఉత్తరాంధ్ర గీశారు. పైన శ్రీకాకుళం, నడుమ విజయనగరం, రాజధాని మాత్రం సరిగ్గా తమరు చెప్పులు విడిచిన చోట. "ఒడిశా వాళ్లని కూడా కాస్త జరగమందాం" అంటూ గీత పొడిగించారు. టీ ఫ్లాస్కు కుర్రాడు వంగి చూసి, "మాస్టారూ, మా పాడేరు ఏటయిపోనాది?" అన్నాడు. ఆయన నాలిక్కరుచుకుని కర్ర కొసతో పాడేరు పొడిచారు. ఇంతలో అలొచ్చి విజయనగరాన్ని పట్టుకుపోయింది. "సవరణ!" అన్నారు మాస్టారు, తొణక్కుండా.

నవ్వకండి. టీ కుర్రాడి మాట విని గీత మార్చారాయన. రాజ్యాంగంలోని ఆర్టికల్ 3 ప్రకారం పార్లమెంటుకి అంత మర్యాద కూడా అక్కర్లేదు. రాష్ట్రాన్ని చీల్చొచ్చు, కలపొచ్చు, కుదించొచ్చు, పేరు మార్చొచ్చు. రాష్ట్రపతి బిల్లును అసెంబ్లీకి పంపి, గడువు పెట్టి అభిప్రాయం అడుగుతారు. అడగడం వరకే. వినాలన్న నియమం లేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు ఏనాడో తేల్చేసింది. ప్లేట్లో ఉప్మా పెట్టేసి "ఏం కావాలండీ?" అన్నట్టు. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. ఆర్టికల్ 4 పుణ్యమా అని ఇది రాజ్యాంగ సవరణ లెక్కలోకీ రాదు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టుకి రంగు మార్చాలన్నా మూడింట రెండొంతుల మంది చేతులెత్తాలి!

2014 జనవరి 30న మన అసెంబ్లీ మూజువాణి ఓటుతో రాష్ట్ర విభజన బిల్లు వద్దంది. ఫిబ్రవరి 18న లోక్‌సభ కానిచ్చేసింది, అదీ టీవీ ప్రసారం ఆగిపోయిన వేళ. తెలంగాణ వాళ్లు దశాబ్దాలు కొట్లాడి తెచ్చుకున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ వద్దన్న సభకి ఎందుకు వద్దో ఒక్క జవాబైనా చెప్పొద్దా? కోట్లమంది బతుకుల్ని పంచుతూ మొహం కూడా చూపించరా? సిగ్గనిపించలేదా ఒక్కరికైనా? విభజనకి నెలలు చాలాయి. అదే చట్టం ఆరు నెలల్లో పరిశీలించమన్న రైల్వే జోన్‌కి మాత్రం, దాని ప్రధాన కార్యాలయానికి విశాఖలో శంకుస్థాపన జరిగేసరికి 2025 జనవరి వచ్చింది.

నిన్న మాస్టారు అలకందకుండా పొడి ఇసుకలోకి మారారు. ఓ ఊరకుక్క వచ్చి సరిగ్గా రాజధాని మీద ముడుచుకు పడుకుంది. ఆయన అదిలించలేదు. అభిప్రాయం చెప్పడానికి పది నిమిషాలు గడువిచ్చారు.