పొలిఫీమస్ ఉత్త రాక్షసుడేనా?
ఒక వ్యాసంలో, హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఒడిస్సీలోని వీరుడు ఒడిస్సియస్‌ని తెలివికి మారుపేరన్నారు, అతణ్ణి తన గుహలో బంధించిన ఒంటికన్ను పొలిఫీమస్‌ని ఉత్త రాక్షసుడని తేల్చేశారు. ఒడిస్సీ 9వ భాగం చదివితే అంత తేలిగ్గా అనలేం. వాడు పూటకి ఇద్దరు చొప్పున ఒడిస్సియస్ మనుషుల్లో ఆరుగుర్ని తిన్నమాట నిజమే. కానీ ఒడిస్సియస్ వాడి కన్ను పొడిచేశాక, రోజూ మందలో ముందుండే పొట్టేలు ఆ రోజు ఆఖరున వస్తే, దాన్ని నిమురుతూ, నా కన్ను పోయిందని నీకూ దిగులా అని అడుగుతాడు. గుహలోంచి తప్పించుకోడానికి దాని పొట్ట కిందే ఒడిస్సియస్ దాక్కుని ఉన్నాడు! ఇక మన తెలివైన వీరుడో? ఓడెక్కి బయటపడ్డాక, తోటివాళ్లు వద్దు మొర్రో అంటున్నా, తన పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ అరిచి మరీ చెప్పాడు. అవతలివాడి తండ్రి సాక్షాత్తూ సముద్రదేవుడు పొసైడన్. ఒడిస్సియస్‌ని పేరు పెట్టి శిక్షించమన్న కొడుకు మొర వినకుండా ఉంటాడా? ఒడిస్సియస్ ఇల్లు చేరేసరికి వెంట ఒక్కడూ మిగల్లేదు, ఓడ కూడా పరాయివాళ్లదే.