పికప్ బండికి పంచవర్ష ప్రణాళిక

పంచవర్ష ప్రణాళికలను ఢిల్లీలో 2017తో చాలించారు గానీ, మా బావమరిది చాలించలేదు. అతనిది రెండున్నర లీటర్ల ఇంజిన్, 1.7 టన్నుల డీజిల్ పికప్. కంపెనీ ఇచ్చింది 75 హార్స్‌పవర్ దగ్గర్లో. దాన్ని వందకు చేర్చడం లక్ష్యం. ఎందుకు చేర్చాలి అని అడగడం అభివృద్ధి నిరోధకుల లక్షణం కాబట్టి నేను అడగను. ఈ వ్యాసం ఆ ప్రణాళికను సమర్థించడానికే రాస్తున్నాను.

తిరుపతి చుట్టుపక్కల టీ కొట్టు బెంచీల మీద ఒకప్పుడు సెంటు భూమి ఎంత పలుకుతోందో వినపడేది. ఇప్పుడు రీమ్యాప్, ఇంటర్‌కూలర్, స్టేజ్ వన్, స్టేజ్ టూ. స్టేజ్ వన్ అంటే రీమ్యాప్, అందులో విప్పేదీ బిగించేదీ ఏమీ ఉండదు. డ్యాష్‌బోర్డు కింద ఉన్న సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్‌లోకి డీజిల్ ఎంత కొట్టాలి, లోపలికి గాలి నొక్కే టర్బో ఎంత నొక్కాలి అని ఇంజిన్ కంప్యూటర్‌లో ఉన్న లెక్కలు మారుస్తారు. టర్బో డీజిల్‌కు దీనివల్ల పాతిక శాతం దాకా బలం పెరిగే మాట నిజమే. కాకపోతే కంపెనీవాళ్లు ఆ పాతిక శాతాన్ని మరిచిపోయి వదిలేయలేదు. క్లచ్ కోసం, గేర్‌బాక్సు కోసం, చిత్తూరు ఎండ కోసం, మనవాళ్లు వేసే ఓవర్‌లోడ్ కోసం పక్కన పెట్టారు. ఆడవాళ్లు పోపుల డబ్బాలో దాచే డబ్బు లాంటిదది. ఇంటాయన కంట పడనంత వరకే క్షేమం.

75 మీద పాతిక శాతం అంటే 94. సెంచరీకి ఆరు తక్కువ. అక్కడ ఔటవడం ఇష్టంలేక స్టేజ్ టూ పెట్టారు: టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెద్దది, అడ్డులేని సైలెన్సర్, పొగను మళ్లీ ఇంజిన్‌లోకి తిప్పే ఈజీఆర్‌కు మూత. పెరిగిన టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, నేరుగా క్లచ్ ప్లేట్ మీద పడి అది జారడం మొదలవుతుంది కాబట్టి కొత్త క్లచ్ స్టేజ్ త్రీ. ఒక పథకం తెచ్చిన సమస్యను ఇంకో పథకంతో తీర్చడం మనకు కొత్తేమీ కాదు.

షెడ్డులో మేస్త్రీ నమూనాగా, స్టేజ్ వన్ అయిపోయిన ఒక బండిని స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు. సైలెన్సర్ లోంచి నల్లటి పొగ బుస్సుమని లేచింది. పక్కన టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటున్న ఇద్దరు చట్నీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి అవతలికి పోయారు.

"చూస్తివా సామీ, ఎట్లా లాగతా ఉందో!" అన్నాడు మేస్త్రీ. బండి నిలబెట్టే ఉంది.

ఆ పొగ గాలి చాలక సగమే కాలిన డీజిల్ అనీ, అంటే బంకులో కట్టిన డబ్బే పైపులోంచి పోతోందనీ చెప్పబోయాను. "బావా, నీకు పవర్ అంటేనే గిట్టదు" అన్నాడు మావాడు. నిజమే, పవర్ కంటికి కనపడాలి. కనపడని పవర్‌ను మన దగ్గర ఎవరు లెక్కచేస్తారు? కాన్వాయ్‌లు ఊరికే పెట్టుకున్నారా?

ప్రణాళికకు అసలు ప్రేరణ కొండ. లోడుతో తిరుమల ఘాట్ ఎక్కుతుంటే బండి సెకండ్ గేరుకు దిగుతోందట, వెనక వచ్చేవాళ్ల ముందు పరువు పోతోందట. అలిపిరి నుంచి 28 నిమిషాలకంటే ముందే పై టోల్‌గేటుకు చేరితే జరిమానా వేస్తారు. దిగడానికైతే 40 నిమిషాలు. కాబట్టి పెరిగిన పవర్‌తో మావాడు ఇరవై నిమిషాల్లో ఎక్కేసి, టోల్‌గేటుకు కాస్త ఇవతల బండి పక్కకు ఆపుకుని, మిగిలిన ఎనిమిది నిమిషాలూ గోవింద నామాలు చెప్పుకుంటాడు. పాతిక వేలు పోసి ఎనిమిది నిమిషాల భక్తి కొనుక్కునేవాణ్ణి మనం గౌరవించాలి. ఇక దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, 36 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ పని చేయాల్సింది బ్రేకులు. ప్రణాళికలో బ్రేకులకు స్టేజ్ లేదు.

కింద రోడ్డు మీద సంగతి ఇంకా బాగుంటుంది. సరుకు బండి గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలని నిబంధన. అంటే ఒకే బండిలో తొక్కమనే డబ్బా ఒకటి, తొక్కనివ్వని డబ్బా ఒకటి. రెంటికీ డబ్బు కట్టేది మావాడే.

ఆర్థిక కోణం కూడా చూడాలి గదా. బండికి పని దొరికేది ముఖ్యంగా జూన్, జూలైలలో, తోతాపురి మామిడి కాయల మీద. 2025 సీజన్‌లో ధర పడిపోతే, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుందనీ ప్రకటించారు. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదని రైతులు రోడ్డెక్కారు. సరే, మొత్తం పన్నెండూ వచ్చాయనే అనుకుందాం. ఆర్సీలో రాసినట్టు 1.7 టన్నులు వేస్తే (లోడు ఎత్తేవాళ్లు ఆర్సీ చదవరు, అది వేరే విషయం) బండెడు కాయల ఖరీదు 20,400. స్టేజ్ వన్‌కు మేస్త్రీ చెప్పింది 25,000. చెట్టు మీంచి బండి నిండా కాయలు దించి అమ్మినా స్టేజ్ వన్ రాదు. పైగా ఆ కాయలతో ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో రెండు మూడు రోజులు పడి ఉండాలి. క్యూలో 75 హార్స్‌పవర్ బండీ, 94 హార్స్‌పవర్ బండీ పక్కపక్కనే, ఒకే వేగంతో కదులుతాయి. కాయలు మాత్రం రెంట్లోనూ సమానంగా మాగుతాయి.

అంత పవరే కావాలంటే మన జిల్లాలోనే, శ్రీసిటీలో, 163 హార్స్‌పవర్ ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి గదరా అన్నాను. "అది కంపెనీ ఇచ్చిన పవర్ బావా. ఇది మనం పెంచుకున్న పవర్" అన్నాడు. ఈ ఆత్మగౌరవం ముందు నాకు నోరు పెగల్లేదు.

చట్టం గురించి కూడా చెప్పాను. ఆర్సీకి భిన్నంగా బండిని మారిస్తే, 2019లో వచ్చిన సవరణ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మావాడు శ్రద్ధగా విని, నాలుగు మార్పులకు 20,000 అని నోటుబుక్కులో 'ఇతర ఖర్చులు' కింద రాసుకున్నాడు. జైలుకు ఆ పుస్తకంలో గడి లేదు.

ప్రస్తుతానికి నిధుల కొరత వల్ల వెనక డోరు మీద 'టర్బో' స్టిక్కర్ పడింది, అంతే. ఆ డోరు కింద రెండు టైర్లూ ఎప్పుడో గుండు కొట్టించుకున్నాయి. వాటి సంగతేంట్రా అని మా ఆవిడ తమ్ముణ్ణి నిలదీసింది. స్టేజ్ త్రీ అయ్యాక పరిశీలిస్తారట.