పూలు రాలిన కలాంచోను చెత్తబండిలో వేయకండి

సంక్రాంతి దగ్గరపడే రోజుల్లో తిరుపతి నర్సరీలలో ఎరుపు, పసుపు, నారింజ రంగుల గుత్తులతో చిన్న చిన్న కలాంచో మొక్కలు బారులు తీరి ఉంటాయి. ముచ్చటపడి కొన్నవారిలో చాలామంది ఎండలు ముదరకముందే వాటిని పారేస్తున్నారు. ‘సీజన్ మొక్కండీ, ఇక పూయదు’ అని అమ్మేవారే చెబుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కలాంచో ఏళ్ల తరబడి బతికే మొక్క, ఏటా పూయగల మొక్క.

దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. మన పెరళ్లలో కనిపించే రణపాల కూడా అక్కడిదే, కలాంచో జాతిలోదే. రాత్రి నిడివి పెరిగితేనే ఇది మొగ్గ తొడుగుతుంది కనుక, పెద్ద ఎత్తున పెంచేవారు సాయంత్రం నల్లగుడ్డ కప్పి, రోజుకు సుమారు 14 గంటల చీకటిని దాదాపు 6 వారాలపాటు ఇచ్చి, తమకు కావలసిన నెలలో పూయించుకుంటారు. తిరుపతిలో డిసెంబరు రాత్రి 12 గంటలు దాటుతుంది. నిజమైన చీకటి దొరికితే మొక్కకు అది చాలావరకు సరిపోతుంది. కానీ మన వరండాల్లో ట్యూబ్‌లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతుంది, మిద్దె మీద వీధిదీపం తెల్లవార్లూ పడుతుంది. నడిరాత్రి కాసేపు వెలుతురు పడినా మొగ్గ ఆగిపోయే మొక్కకు ఇది పెద్ద శిక్ష. దీపావళి నుంచి సాయంత్రం 6 గంటలకు అట్టపెట్టె బోర్లించి ఉదయం 8 గంటలకు తీసి, పగలంతా మంచి వెలుతురులో ఉంచండి. ఆ 6 వారాల తర్వాత కూడా మొగ్గలు విచ్చుకోవడానికి మరికొన్ని వారాలు పడుతుంది, కనుక మధ్యలో విసుగు చెందకూడదు.

ఇక నీళ్ల సంగతి. తులసికి పోసినట్లు రోజూ పోస్తే దీని వేరు కుళ్లుతుంది. పగటి ఎండలో ఆకు రంధ్రాలను మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకునే మొక్క ఇది. దాని దళసరి ఆకులే దాని నీటితొట్లు. తొట్టిలో పైమట్టి బాగా ఆరాకే పోయాలి. మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే తొట్టిలో గట్టిపడి నీరు నిలుస్తుంది కాబట్టి సగానికి సగం ముతక ఇసుక, కొంచెం మాగిన పశువుల ఎరువు కలపాలి. అక్టోబరు, నవంబరులలో వాయుగుండాలు పట్టినప్పుడు చూరు కిందికి, మే నెలలో మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పువైపుకి మార్చితే చాలు.

పారేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. కలాంచోలో, ముఖ్యంగా పూలలో, గుండెను దెబ్బతీసే విషపదార్థాలు ఉంటాయి. తింటే పశువులకు, మేకలకు, కుక్కలకు ప్రమాదం. ఆవులు వీధుల్లో తిరుగుతూ చెత్తకుప్పల్లో మేత వెతుక్కునే మన ఊళ్లో, వాడిన గుత్తులతో సహా మొక్కను వీధి మూలన పడేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. వాడిన కాడలను మొదలుకంటా కత్తిరించి, ఆవులకు అందకుండా మట్టిలో లోతుగా పూడ్చండి. పూలు లేని కొమ్మ ముక్కలను రెండు రోజులు నీడలో ఆరబెట్టి నాటితే కొత్త మొక్కలవుతాయి.

నర్సరీ నడిపేవారికి నా విన్నపం ఒక్కటే: తొట్టితో పాటు ఈ నాలుగు మాటలూ తెలుగులో రాసిన చీటీ ఇవ్వండి.