చిమ్నీకి శ్రమ కలిగించరాదు

వంటింటి చిమ్నీ కలకాలం మన్నాలంటే తిరుగులేని మార్గం ఒకటుంది: దాన్ని వేయకుండా ఉండటం. వేయని చిమ్నీకి జిడ్డు పట్టదు, మోటారు కాలదు, మెకానిక్కు కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు. ఎవరూ నేర్పకపోయినా చాలా ఇళ్లలో ఈ పద్ధతే నడుస్తోంది. చుట్టాలొచ్చినప్పుడు దాని లైటు మాత్రం వేస్తారు. పొగ తన పాత అలవాటు ప్రకారం కిటికీలోంచి పోతుంది.

అయినా కొందరు మొండిగా చిమ్నీ వాడతామంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

చిమ్నీ కొనడం ఇంటి పెద్ద శాఖ. గంటకు 1200 క్యూబిక్ మీటర్ల గాలి లాగేదా, 1500 లాగేదా అన్న విషయంలో ఆయన రాజీపడడు. పొయ్యి ఏ వైపు వెలిగించాలో తెలియకపోయినా సక్షన్ లెక్కలు కంఠతా వచ్చు. ఆ అంకె గాలికి అడ్డేమీ లేనప్పటి లెక్క అని చెప్పి ఆయన్ను బాధపెట్టడం నాకిష్టం లేదు. ఎందుకంటే తర్వాత బిగించడానికి అబ్బాయి వస్తాడు. ఆరంగుళాల గొట్టం పోవాల్సిన గోడలో నాలుగంగుళాల రంధ్రమే ఉంటుంది. "ఏం కాదు సార్, అడ్జస్ట్ చేస్తా" అంటాడు. ఆ అడ్జస్ట్‌మెంట్‌తో అక్కడ గాలి దారి సగానికి పైగా మూసుకుపోతుంది. ఆపైన బీరువా అడ్డమొచ్చిందని ఒక వంపు, దూలం అడ్డమొచ్చిందని ఇంకో వంపు. ప్రతి వంపు దగ్గరా గాలి జోరు తగ్గుతుంది, జిడ్డు స్థిరపడుతుంది. 1500 ఎక్కడికీ పోలేదు, డబ్బా మీద భద్రంగానే ఉంది.

గొట్టమే లేని చిమ్నీలు మరీ దయగలవి. పొగను బొగ్గు ఫిల్టరులో వడకట్టి, కొంత వాసన తీసేసి, వేడినీ తేమనీ మళ్లీ వంటింట్లోకే వదులుతాయి. ఆ బొగ్గు ఫిల్టరు సాధారణంగా కడిగేది కాదు, కొన్ని నెలలకోసారి మార్చేది. మార్చిన ఇల్లు కనిపిస్తే సన్మానం చేయాలి.

ఇక ఆటో క్లీన్. ఇది మీట కాదు, ఒక విశ్వాసం. ఒక్కసారి నొక్కితే చేసిన జిడ్డంతా మాఫీ అయిపోతుందని నమ్మకం. నిజానికి లోపల చిన్న హీటరు వేడెక్కి, ఫ్యాను చుట్టూ పేరుకున్న నూనెను కరిగిస్తుంది. అది కిందనున్న చిన్న గిన్నెలోకి కారుతుంది. ఫిల్టరు జోలికి, గొట్టం జోలికి అది పోదు. గిన్నెను తీసి ఎవరు పారబోయాలన్నది ఏ మీటా చెప్పదు. నెలల తరబడి తీయని ఆ గిన్నెను ఒకసారి బయటికి లాగి చూడండి. అడుగున ముదురు గోధుమరంగు ద్రవం, పైన మీగడలాంటి పొర, దాంట్లో కాళ్లు పైకి పెట్టిన చిన్న పురుగు. వేలు పెడితే తీగలా సాగుతుంది. నిండితే మాత్రం తనే బయటికి వస్తుంది, ఒక్కో బొట్టుగా, సరిగ్గా మూత తీసిన గిన్నెలోకి.

ఫిల్టరు కడగడం సక్షన్ అంకెలు తెలిసినవారి శాఖలోకి రాదు. "ఏమండీ, ఆ ఫిల్టరు కాస్త దింపి పెట్టండి" అని వినబడగానే ఆయనకు అర్జెంటు ఫోను వస్తుంది. నిజానికి అది బ్రహ్మవిద్యేమీ కాదు. వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక బిగించాలి. రెండు మూడు వారాలకోసారి చేస్తే చాలు. కానీ మనం ఏడాదికోసారి చేస్తాం కాబట్టి వీరావేశం అవసరమవుతుంది. ఎవరో చెప్పారని కాస్టిక్ సోడా పోస్తాం. అల్యూమినియం జాలీ అయితే జిడ్డుతో పాటు జాలీని కూడా తినేస్తుంది. శుభ్రత అంటే అదీ!

కడగకపోతే ఏమవుతుంది? ఫ్యాను రెక్కల మీద జిడ్డు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పేరుకుంటుంది. తూకం తప్పి, దడదడలాడుతూ తిరుగుతుంది. దీనికి ఇంట్లోవాళ్లు కనిపెట్టిన రిపేరు, టీవీ సౌండు పెంచడం. తర్వాతి దశలో మీట నొక్కితే మోటారు గుంయ్‌మంటుంది గానీ ఫ్యాను కదలదు. అప్పుడు ఇంటి పెద్ద మళ్లీ రంగంలోకి దిగి, "మోటారు పోయింది, కొత్తది కొనాల్సిందే" అని తీర్పు చెబుతాడు. చాలాసార్లు పోయింది కెపాసిటర్ అనే చిన్న భాగమే, లేదంటే జిడ్డుకు ఫ్యాను బిగుసుకుపోయి ఉంటుంది. మోటారు పోయిందనడంలో ఉన్న గౌరవం జిడ్డు పట్టిందనడంలో లేదు కదా.

ఇక్కడ కాసేపు వ్యంగ్యం పక్కన పెడతాను. నూనె కారుతున్న ఫిల్టరు కింద మంట పైకి లేస్తే అంటుకునేది ఆ నూనే. గొట్టంలో పేరుకున్న జిడ్డుకు నిప్పంటితే అది కంటికి కనబడదు, చేతికి అందదు. అందుకే మూకుడు మండుతుంటే చిమ్నీ వేయకూడదు. తిరుగుతుంటే ఆపేయాలి. సరే, వ్యంగ్యాన్ని మళ్లీ తెచ్చుకుందాం.

మీ చిమ్నీ పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే మెకానిక్కు అక్కర్లేదు. పొయ్యి ఆపేసి, చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టి, ఫిల్టరుకు ఒక సన్నటి కాగితం ఆనించి వదలండి. అతుక్కుంటే గాలి లాగుతున్నట్టు, జారిపడితే లాగనట్టు. ఒక్క జాగ్రత్త: లాగకపోయినా జిడ్డుకే అతుక్కుపోయే అవకాశం ఉంది. కాగితం దొరక్కపోతే వారంటీ కార్డు చించి వాడండి. గడువు ఎలాగూ దాటిపోయే ఉంటుంది.