నీరే కదా అనే ఏమరుపాటు

పొడి రూపంలో వచ్చే ఇంజెక్షన్ మందులను విదేశీ అమ్మకందారుల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఇంట్లోనే నీటితో కలిపి వేసుకునేవారు అనేక దేశాల్లో కనిపిస్తున్నారు. బరువు తగ్గించే పెప్టైడ్లు (ప్రోటీన్ల వంటి చిన్న అణువులు) మొదలుకొని కండలు పెంచే హార్మోన్ల వరకు ఈ కోవలోవే. ఆ పొడి అసలుదో నకిలీదో అని కొనేవారు నాలుగు చోట్ల వాకబు చేస్తున్నారు. దాన్ని కరిగించే నీటి గురించి మాత్రం, నీరే కదా అన్న ధీమాతో, పెద్దగా ఆరా తీయడం లేదు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ ఏమరుపాటే. ఊరూ పేరూ నిర్ధారణ కాని విక్రేత పంపిన ఇంజెక్షన్ నీరు మంచిదో కాదో కొన్న వ్యక్తి ఇంట్లో తేల్చుకోగల మార్గం లేదు. అందువల్ల దాన్ని వాడకపోవడమే సరైన నిర్ణయమని మా నిశ్చితాభిప్రాయం.

తాగే నీటిలో కొద్దిపాటి క్రిములున్నా కడుపులోని ఆమ్లం, పేగు గోడలు వాటిని చాలావరకు అడ్డుకుంటాయి. సూది ద్వారా చర్మం కిందికో, కండరంలోకో, రక్తంలోకో చేరే నీటికి అలాంటి కాపలా ఏదీ ఉండదు. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, తేటగా ఉందని తృప్తి పడటం చాలామంది చేసే పొరపాటు. మిల్లీలీటరుకు లక్షల సంఖ్యలో బ్యాక్టీరియా పెరిగితే తప్ప నీరు కంటికి మసకగా కనిపించదు. బ్యాక్టీరియా చచ్చిపోయినా ముప్పు తొలగిపోకపోవడం అంతకంటే చిక్కైన సంగతి. కొన్ని రకాల బ్యాక్టీరియా కణకవచం నుంచి విడివడే ఎండోటాక్సిన్ అనే పదార్థం నీటిలో మిగిలిపోయి, శరీరంలోకి వెళ్లగానే వణుకుతో కూడిన జ్వరాన్ని తెస్తుంది. మోతాదు మించితే రక్తపోటును ప్రమాదకరంగా పడగొడుతుంది. స్వేదనం చేసిన నీటితో ఇచ్చిన ఇంజెక్షన్ల తర్వాత కూడా జ్వరాలు ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త ఫ్లోరెన్స్ సైబర్ట్ 1923లోనే జవాబు చెప్పారు: ఆ నీటిలో చేరిన బ్యాక్టీరియా పదార్థమే అందుకు మూలం.

వంద సంవత్సరాల కిందటి ఆ పాఠం మీదనే నేటి ప్రమాణాలు నిలిచి ఉన్నాయి. ఇంజెక్షన్ నీటిలో ఎండోటాక్సిన్ మిల్లీలీటరుకు 0.25 యూనిట్లు మించరాదని అమెరికా, ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథాలు నిర్దేశిస్తున్నాయి. 0.22 మైక్రాన్ల వడపోత బ్యాక్టీరియాను ఆపగలదు గానీ ఎండోటాక్సిన్‌ను ఆపలేదు. 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించినా అది చెక్కుచెదరదు. గాజు సీసాల నుంచి దాన్ని వదిలించడానికి 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచవలసి వస్తుంది. నీటిని అలా కాల్చలేం కదా. కాబట్టి అది మొదటి నుంచే చేరకుండా చూడటమే ముఖ్యం. బాధ్యత గల కర్మాగారాలు నీటిని వేడిగా ఉంచి, గొట్టాల్లో ఆగకుండా తిప్పుతూ, అడుగడుగునా నమూనాలు తీయడం ఇందుకే. నాణ్యత ఆ శ్రమలో పుడుతుంది. అది జరిగిందో లేదో సీసాను చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇందుకు విక్రేతలు చూపే సమాధానం విశ్లేషణ పత్రం, అంటే ప్రయోగశాల పరీక్షల ఫలితాలు రాసిన కాగితం. అలాంటి పత్రాన్ని తీరిగ్గా చదివితే కొన్ని లొసుగులు వాటంతటవే బయటపడతాయి. స్వచ్ఛత 99.9 శాతం అని హెచ్‌పీఎల్‌సీ (పదార్థంలోని భాగాలను విడదీసి కొలిచే) పరీక్ష పేరిట రాసి ఉంటే, అది పొడి మందు పత్రాన్ని చూసి దించినదని అనుమానించవచ్చు; నీటిలో చూడవలసినవి విద్యుద్వాహకత, సేంద్రియ కార్బనం, ఎండోటాక్సిన్, క్రిమిరాహిత్యం. ప్రామాణిక క్రిమిరాహిత్య పరీక్షకు, క్రిములు పెరుగుతాయేమో చూడటానికి, నమూనాను 14 రోజులు పొదగాలి. తయారైన నాలుగో రోజునే ఆ పరీక్షలో నెగ్గినట్లు తేదీ వేసి ఉంటే ఆ పత్రానికి విలువ లేదు. ఎండోటాక్సిన్ ఎదుట అంకె, ప్రమాణం లేకుండా పాస్ అన్న మాట మాత్రమే ఉన్నా, సీసా మీది బ్యాచ్ నంబరు పత్రంలో లేకున్నా అంతే.

అయితే ఇవేవీ లేనంత మాత్రాన నీరు మంచిదని రుజువు కాదు. పత్రాన్ని కంప్యూటర్ మీద ఎవరైనా దిద్దగలరు. సొంత ఖర్చుతో ఒక సీసాను ప్రయోగశాలకు పంపినా ఆ ఫలితం తెరిచిన సీసాకే వర్తిస్తుంది. నూటికి ఒక సీసా చొప్పున కలుషితమైన బ్యాచ్ నుంచి 20 సీసాలు తీసి పరీక్షిస్తే, ఒక్కటీ పట్టుబడకుండా బ్యాచ్ గట్టెక్కే అవకాశం 80 శాతానికి పైనే ఉంటుంది. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపినా దానికి క్రిముల సంగతి తెలియదు. మరిగించినా ఎండోటాక్సిన్ పోదు కనుక ఇంట్లో కాచి చల్లార్చిన నీరు కూడా ప్రత్యామ్నాయం కాదు.

లేబుల్ అబద్ధమైతే ప్రమాదం మరింత ముదురుతుంది. సాదా ఇంజెక్షన్ నీరు ఒక్కసారి వాడి పారేయవలసినది, బ్యాక్టీరియా పెరగకుండా 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ కలిపిన బ్యాక్టీరియోస్టాటిక్ నీటినే, అదీ తయారీదారు మరో గడువు చెప్పకపోతే 28 రోజుల వరకు, మళ్లీ మళ్లీ వాడవచ్చు. లేబుల్ మీద ఉన్న ఆ ఆల్కహాల్ సీసాలో లేకపోతే, వారాల తరబడి అదే రబ్బరు మూతను పొడుస్తున్న వ్యక్తి ఏ రక్షణా లేని నీటిని ఎక్కించుకుంటున్నట్లే. లేబుల్‌లో చెప్పకుండా కలిపితే అదీ ముప్పే: 1980ల ఆరంభంలో ఈ సంరక్షక పదార్థమే అమెరికాలో నెలలు నిండని శిశువుల ప్రాణాలు తీసింది.

అమెరికాలోనే 2012లో బూజు చేరిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల 750 మందికి పైగా జబ్బుపడగా, 60 మందికి పైగా మరణించారు. అక్కడ తయారీదారు దొరికాడు, మందు సీసాలను వెనక్కి రప్పించారు, బాధ్యులు కోర్టు మెట్లెక్కారు. చిరునామా నిర్ధారణ కాని విదేశీ విక్రేత విషయంలో ఈ మూడింటిలో ఏదీ జరిగే ఆశ లేదు. పరిశోధనకు మాత్రమే అని లేబుల్ వేసి సిరంజీలతో కలిపి అమ్మే నీటిని ఔషధ నియంత్రణ సంస్థలు ఔషధంగానే పరిగణించి సరిహద్దులోనే ఆపాలి. తయారీ లైసెన్సు చూపని విక్రేతకు ఆన్‌లైన్ అంగళ్లు చోటివ్వకూడదు. అసలైన నీరు సులువుగా దొరకకపోవడం వల్లే ఇటు మళ్లామని కొందరు చెబుతున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. వైద్యుడు రాసిన మందుతో పాటే దాన్ని కలిపే నీటినీ మందుల దుకాణం ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

ఇప్పటికే ఇలాంటి నీటిని వాడినవారు మిగిలినదాన్ని ఇక ముట్టుకోకూడదు. సూది వేసుకున్న కొద్ది గంటల్లో చలి, జ్వరం వచ్చినా, పొడిచిన చోట ఎర్రబడి వాచినా, మందు ఎక్కడిదో చెప్పడానికి సంకోచించకుండా వెంటనే వైద్యుడిని కలవాలి. ఆ సీసాను పారేయకుండా పెట్టెతో సహా తీసుకెళ్లాలి. ఏ క్రిమి చేరిందో ప్రయోగశాల కనిపెట్టడానికి అడుగున మిగిలిన నీరు అక్కరకొస్తుంది.