మహారాజశ్రీ మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు గారికి

మహారాజశ్రీ మదర్‌బోర్డు గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మా హాల్లో టీవీ కింద, కొత్త కంప్యూటర్ క్యాబినెట్‌లో, మా పూజగదిలో దేవుళ్లకి కూడా దక్కనంత శుభ్రంగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం దేనికో తమరికి తెలుసు. టీవీకి సెకనుకి అరవై బొమ్మలు, అంటే అరవై హెర్ట్జ్, పంపాల్సిన తమరు ముప్పయ్యే పంపుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి, ఆ ఎండలో, ప్యారడైజ్ మెట్రో దిగి కంప్యూటర్ షాపులుండే సీటీసీ దాకా నడిచి, మూడు షాపులు తిరిగి, వేలెడంత అడాప్టర్ ఒకటి కొనుక్కుని నాలుగున్నరకి ఇంటికొచ్చాను. పెట్టాను. ముప్పై. తీసి మళ్లీ పెట్టాను. ముప్పై. టీవీ ఆపి, తమరిని ఆపి, దణ్ణం పెట్టుకుని ఇద్దర్నీ ఆన్ చేశాను. ముప్పై హెర్ట్జ్.

ముందు మర్యాదలు కానిద్దాం. 2001లో తైవాన్‌లోని వయా కంపెనీ వారు గీసిచ్చిన కొలత తమరిది. ఇటు పదిహేడు సెంటీమీటర్లు, అటు పదిహేడు. మా ఇంట్లో టిఫిన్ పళ్లెం తమరికంటే పెద్దది. అంత చోటులోనే ప్రాసెసర్, రెండు ర్యామ్ స్లాట్లు, ఎస్‌ఎస్‌డీ, వైఫై, సింగిల్ బెడ్‌రూమ్‌లో ఆరుగురి కాపురంలా సర్దుకోవడం చూసి ముచ్చటపడే కొన్నాను. పక్క షెల్ఫులో తమరి అన్నగారు మైక్రో ఏటీఎక్స్ ఉన్నారు. పొడవూ వెడల్పూ 24.4 సెంటీమీటర్లు, నాలుగు ర్యామ్ స్లాట్లు, కార్డులకి బోలెడు చోటు, పైగా తమరికంటే రెండు వేలు తక్కువ. సైజు తగ్గేకొద్దీ రేటు పెరిగే సరుకు సాంబారు ఉల్లిపాయల తర్వాత తమరినే చూశాను.

అయినా తమరే కావాలనుకున్నాను. టీవీ కింద ఖాళీ ఉన్నది ఒక్క అర. అందులో పట్టాలి, రాత్రిపూట చప్పుడు చేయకూడదు. ఈ రెండే షరతులు. మూడు నెలలు సంబంధం వెతికినట్టు వెతికాను. మా బావ ఆఫీసులో పాత మిషన్లు తీసేస్తుంటే పదో తరం ఐ3 ప్రాసెసర్ ఒకటి తెచ్చిచ్చాడు కాబట్టి దానికి సరిపోయే సాకెట్టే ఉండాలి, చిప్‌సెట్టు కలవాలి, ర్యామ్ గోత్రం కుదరాలి. అన్నీ కుదిరాయి. పెట్టె మీద బంగారు రంగులో ‘4కె’ అని ఉంది. టీవీ 4కె, బోర్డు 4కె. జాతకాలు ఇంతకంటే ఏం కలుస్తాయి?

లోపలి పుస్తకం అప్పుడే చదవాల్సింది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: హెచ్‌డీఎంఐ (టీవీకి బొమ్మ పంపే పోర్టు), 4096 × 2160, ఆ పక్కన 30 హెర్ట్జ్. అంటే 4కె బొమ్మ ఇస్తారు, కాకపోతే సెకనుకి ముప్పై సార్లే ఇస్తారు. మౌస్ కదిపితే బాణం గుర్తు ఎడ్లబండి వెనక కట్టిన మేకలా వస్తుంది. నేను ఆగిపోయాక అది ఇంకో అడుగు వేసి ఆగుతుంది.

ఆ మాటే షాపులో చెప్పాను. కౌంటర్‌లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, “అన్నా, సిన్మా నడిచేది ఇరవై నాలుగు ఫ్రేముల మీదనే గదా. నీకు ముప్పై వస్తున్నయ్. ఇంక ఆరు ఎక్కువనే ఉన్నయ్ గద” అన్నాడు.

మెట్రోలో నిలబడి అమీర్‌పేట దాకా దానికి జవాబు ఆలోచించాను. జవాబు ఉంది. ఆ ‘ఎక్కువ ఆరు’ ఎక్కడికి పోతాయో తెలుసా? ఇరవై నాలుగుని ముప్పైలో పరచాలంటే ప్రతి నాలుగు బొమ్మలకీ ఒకదాన్ని రెండుసార్లు చూపించాలి. గోదావరి మీద కెమెరా నెమ్మదిగా జరుగుతూ పోతుంటే నాలుగు బొమ్మలకోసారి స్పీడ్‌బ్రేకర్ తగిలినట్టు ఒక కుదుపు. ఒకసారి కంటికి దొరికిందా, ఇక గోదావరి కనపడదు, కుదుపే కనపడుతుంది. పోనీ, సినిమా పెట్టగానే టీవీ 24కి మారేలా, నేను సినిమాలు చూసే కోడీ అనే ప్రోగ్రాంలో సదుపాయం ఉంది, ఆన్ చేశాను. మారిన ప్రతిసారీ తెర రెండు సెకన్లు నల్లబడుతుంది. వంటింట్లోంచి అమ్మ, “కరెంటు పోయిందేంట్రా?”

ఇక క్రికెట్. అది మనకి సెకనుకి 50 లెక్కన వస్తుంది. తమరి ముప్పైలో పడితే బౌలర్ చేతిలో కనపడిన బంతి తర్వాత కీపర్ చేతిలోనే కనపడుతుంది. మధ్యలో ఏమైందో అంపైర్‌ని అడగాలి.

హెచ్‌డీఎంఐ 2.0 వచ్చింది 2013లో. 4కె బొమ్మని సెకనుకి 60 సార్లు మోయడానికే వచ్చింది. తమరి చిప్‌సెట్టు బజార్లోకి వచ్చింది 2020లో. ఏడేళ్ల తర్వాత పుట్టి కూడా 2009 నాటి 1.4 పట్టుకుని దిగారు. ప్రాసెసర్ తనంతట తాను హెచ్‌డీఎంఐలోకి అంతకంటే ఇవ్వలేదట, ఒప్పుకుంటాను. దాని పక్కన చిన్న కన్వర్టర్ చిప్పు ఒకటి అతికిస్తే 60 వచ్చేది. కొన్ని బోర్డులకి అతికించారు కూడా. తమరికి చోటు చాల్లేదు కాబోలు. చోటు చాలని ఆ నడుం మీద సగం ఊదా సగం ఆకుపచ్చ రంగులో గుండ్రటి పీఎస్/2 పోర్టుకి మాత్రం సింహాసనం వేశారు. 1987 నాటి పోర్టు అది! దానికి తగిలించే పాతకాలం కీబోర్డు మా ఇంట్లో లేదు, మా వీధిలో లేదు, ఆ షాపులోనూ లేదు. దానికి చోటుంది. నా ముప్పై బొమ్మలకి లేదు.

ఇక ఈ ‘తమరు’ నా వల్ల కాదు. తల్లి కడుపు చూస్తుందంటారు. పేరులో తల్లిని పెట్టుకుని నువ్వు చూసింది నా జేబు.

డిస్‌ప్లే పోర్ట్ అనే ఇంకో పోర్టులోంచి నువ్వు 60 ఇస్తావని అదే పుస్తకం, అదే పేజీ, ఇంకో రెండు లైన్ల కింద చెబుతోంది. ఆ పోర్టు ఉన్న టీవీ మాత్రం నేనెక్కడా చూడలేదు. అత్తగారి నగలు బ్యాంకు లాకర్లో ఉన్నట్టు నా 60 నీలోనే ఉంది, తీసుకునే దారి లేదు. దారి కోసమే ఈ మధ్యాహ్నం అడాప్టర్ కొన్నది. ఇంటికొచ్చాక తెలిసింది, అందులో రెండు కులాలున్నాయని. యాక్టివ్, పాసివ్. యాక్టివ్ దాంట్లో సిగ్నల్‌ని నిజంగా మార్చే చిప్పు ఉంటుంది. పాసివ్ దాంట్లో అది ఉండదు. అది పెడితే నువ్వు ఆ పోర్టులోంచి కూడా పాత హెచ్‌డీఎంఐ సిగ్నలే పంపిస్తావు. నాకిచ్చింది ఏదో వేరే చెప్పాలా? రెండూ నల్లగానే ఉంటాయి, రెండిటి మీదా 4కె అనే ఉంటుంది. బిల్లు వెనకాల ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంటుంది.

నీ చప్పుడు సంగతి కూడా అనేసి ముగిస్తాను. మెత్తగా తిరిగే ఫ్యాన్ అని మూడు పిన్నులది కొన్నాను. నీ బయోస్ సెట్టింగుల్లో క్యాబినెట్ ఫ్యాన్‌ని తగ్గించే ఏర్పాటు నాలుగో పిన్ను ఉన్నవాటికే. అది లేనివాడికి పూర్తి పన్నెండు వోల్టులు, రాత్రీ పగలూ, పిండిమర తిరిగినట్టు. “సీలింగ్ ఫ్యాన్ ఐదులో పెట్టుకో, అది వినపడదు” అంది అమ్మ. నిజమే. నిశ్శబ్దం కోసం ఇంత ఖర్చుపెట్టిన వాడికి ఇంతకంటే చవకైన సలహా ఎవరూ ఇవ్వలేదు. టీవీ రిమోట్ నీకు అర్థం కాదు. టీవీకి గుచ్చి సినిమాలు చూసే, చేతి కర్రంత లేని స్టిక్కులకి కూడా వచ్చిన సీఈసీ భాష నీకు రాదు, కాబట్టి నాన్న సోఫాలో కీబోర్డు ఒళ్లో పెట్టుకుని తబలాలా కూర్చుంటున్నాడు. పోర్టుల చుట్టూ బిగించే రేకు, ఐఓ షీల్డ్, పెట్టడం మర్చిపోయి రెండోసారి విప్పింది మాత్రం నా తప్పు. బొటనవేలు కోసుకుంది నీ వల్ల.

స్టిక్కు కొనుక్కుంటే పోయేది కదా అని అందరూ అంటున్నారు. అక్క పెళ్లి క్యాసెట్లు, తాతయ్య మాట్లాడిన ఒకే ఒక్క వీడియో, నాన్న రికార్డు చేసి దాచుకున్న పాత నాటకాలు, అన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి పెట్టాను. అవి అతికించుకోవడానికి స్టిక్కుకి నడుం ఏది? నీకుంది. నిన్న రాత్రి మొదటిసారి ఆ పెళ్లి వీడియో పెట్టాను. తాతయ్య తలంబ్రాల పళ్లెం పట్టుకుని కెమెరా వైపు చూసి నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడే చూసింది. కాసేపటికి కూర్చుంది. ఆ రెండు గంటలూ నీ ఫ్యాన్ చప్పుడు నాకూ వినపడలేదు.

“బాగానే ఉంది కదరా, ఇంకేం కావాలి?” అన్నాడు నాన్న.

ఆ క్యాసెట్ సెకనుకి 25 బొమ్మలు నాన్నా, దీంట్లో ముప్పై, ఐదు బొమ్మలకోసారి ఒకటి... అని మొదలుపెట్టాను. ఆయన అప్పటికే నిద్రపోయాడు.

రేపు మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ‘యాక్టివ్’ అన్న ముక్క కాగితం మీద రాయించుకుని, సంతకం పెట్టించుకుని కొంటాను.

ఇట్లు,
సగం బొమ్మలు చూస్తున్న నీ యజమాని

తా.క.: ఈ ఉత్తరం ముగించేలోపు టీవీ మెనూలో లోపలెక్కడో ఒక సెట్టింగ్ కనపడింది. ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టుకీ విడివిడిగా ఉంది, అన్నిటికీ ఆఫ్‌లో ఉంది. అది ఆన్ చేస్తే తప్ప ఆ టీవీ పూర్తి 60 తీసుకోదట. నిన్ను అనవసరంగా తిట్టానేమోనని ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది. ఆన్ చేశాను.

ముప్పై.